సారంగపాణి పదములు: కళాశాల విద్యార్థులకు ఒక విన్నపము

ప్రతి సంవత్సరమును మా పాఠశాలలో పదవ తరగతి ముగించి కొందఱు బాలబాలికలు పుత్తూరు, చిత్తూరు, తిరుపతి పట్టణములలోని కళాశాలలకు పోవుచున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినపుడు వారిలో పలువురు మమ్ము చూడవత్తురు. చూచిన చలనచిత్రములను గూర్చియు, విన్న పాటలను గూర్చియు ముచ్చటింతురు. వినుటకు మాకును సంతోషమే. కాని, మన కార్వేటినగరపు సారంగపాణి పదమొకటి వింటిరా యని యడిగినచో వారు ఒకరి మొగమొకరు చూచుకొందురు. వారిని నిందించుటకై యీ వ్యాసము వ్రాయుటలేదు. ఆ లోపము మొదట మాది.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండిన దినములలో, తమిళదేశమునుండి వచ్చిన సహాధ్యాయిని యొకతె మా యూరి పేరు విని మిగుల సంతోషించినది. ఆమె బాల్యమున సంగీతము నేర్చినది. సారంగపాణి యూరివారు గనుక ఆయన పదమొకటి వినిపింపుమని మమ్ము కోరినది. మేము ఆ పేరు విని యెఱుగుదుమే కాని, ఒక్క పదమైనను వినియుండలేదు. అప్పుడామెయే పాడినది, మా యూరి పాటను మేము పరుల నోట వింటిమి. నాటి సిగ్గు నేటికిని మఱవలేదు. అట్టి సిగ్గు మా విద్యార్థులకు కలుగరాదని మా కోరిక.

సారంగపాణి పదునెనిమిదవ శతాబ్దపు పూర్వభాగమున కార్వేటినగర సంస్థానము నాశ్రయించియుండిన వాగ్గేయకారుడు. మువ్వగోపాలుని పేర పదములు రచించిన క్షేత్రయ్యకు తరువాతివాడు. మనము దినదినము ఏ వేణుగోపాలస్వామి గోపురమును చూచుచు బడికి వచ్చుచున్నామో, ఆ పేరే ఆయన పదములకు ముద్ర. వర్ణములు రచించి ప్రసిద్ధికెక్కిన గోవిందసామయ్య, కూవనసామయ్య యను సోదరులును ఈ యూరివారే. ఇంత సంగీతము పుట్టిన యూర మనము పుట్టి పెరిగి, దాని నెఱుగకుండుట తగునా?

ఇక ఆ పదముల సొగసును గూర్చి రెండు మాటలు. సారంగపాణి పదములలో పెక్కింట గ్రంథములలోని భాష కాక, ఇంటి వాకిట మాటలాడు భాష వినబడును. సామెతలును, ఎత్తిపొడుపులును, ఇరుగుపొరుగు స్త్రీల మాటకారితనమును అందు గలవు. మేము రెండవమారు ఒక పదమును వినుచుండగా, మా అవ్వ కోపము వచ్చినపుడు అను మాటయొకటి అందు వినబడినది. ఆ మాట చదువురానివారిదని మేము అంతవఱకు తలంచియుంటిమి. అది రాగమున నిలిచి, సభలో గౌరవము పొందుట చూచి ఆశ్చర్యపడితిమి. కళాశాల వసతిగృహములలో మన విద్యార్థుల యాసను విని తక్కినవారు నవ్వుదురనియు, అందుచే వారు నోరు మెదపుటకు జంకుదురనియు వినుచున్నాము. అట్టివారు ఈ పదముల నొక్కమారు వినవలయును. ఏ పలుకును దాచుకొనుచున్నారో, దాదాపు మూడువందల సంవత్సరములకు పూర్వమే ఒక విద్వాంసుడు అట్టి పలుకును పదమునకు తగినదిగా నెంచెనని తెలిసికొందురు.

పదము చదువుటకు కాదు, వినుటకు పుట్టినది. అందు పల్లవి, అనుపల్లవి, చరణములు ఉండును. సాధారణముగా ఒక స్త్రీ స్వామితోనో, చెలికత్తెతోనో తన మనసు చెప్పుకొనుచుండును. ప్రతి చరణము తరువాతను పల్లవి మరల వచ్చును. మాటలు అవియే, కాని మొదట కోపముగా తోచిన మాట తరువాత జాలిగా తోచును, కడపట తనపై తనకే నవ్వు వచ్చినట్లుండును. ఆ మార్పు పుస్తకమున కానరాదు. రాగమువలనను, గాయకుల పలుకువిఱుపువలనను, అభినయించువారి కన్నులవలనను మాత్రమే తెలియును. పదము విలంబకాలమున నడచుట వలన మొదట విసుగు కలుగవచ్చును. మాకును కలిగినది. ఆ నిదానము లేనిచో ఒక మాటలో ఇన్ని భావములు నిలువవని క్రమముగా గ్రహించితిమి.

ఇవి మన చెవికి దూరమగుటకు కారణము కలదు. వీనిని పాడి ఆడినవారు దేవాలయములను, ఆస్థానములను ఆశ్రయించిన నర్తకీమణులు. బాలికలను దేవాలయములకు అర్పించు నాచారమును మద్రాసు ప్రభుత్వము 1947లో చట్టముచే నిషేధించినది. అది న్యాయమైన పనియే. కాని ఆ యాచారముపైనున్న ఏవగింపు పాటపై కూడ పడినది. అట్టి కాలమునను చెన్నపట్టణమున వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట పదములు నిలిచినవి. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త వానిని పాడిరి. మఱియొక మనుమరాలు బాలసరస్వతి అభినయించినది. మన తెలుగు పదమును తమిళదేశపు గృహమొకటి ఇంత శ్రద్ధతో కాపాడినది. మనము వినుటకైన పూనుకొనవలదా?

తలిదండ్రులలో కొందఱు, ఇవి శృంగారగీతములు గదా, అన్యమతస్థుల దేవుని పేర వ్రాసినవి గదా, క్రైస్తవ పాఠశాల పత్రికలో వీని ప్రశంస యేల యని యడుగవచ్చును. ఆ సందేహము సహజమే. పదములన్నియు పిల్లలకు తగినవని మేము చెప్పము. కొన్నింట మోటుదనము కలదు. అందుచేతనే ఈ విన్నపము చిన్న తరగతులవారికి గాక, మంచిచెడ్డలు తెలిసిన కళాశాల విద్యార్థులకు చేయుచున్నాము. సారంగపాణి శృంగారమే గాక నీతిని, వైరాగ్యమును గూర్చియు పాడెను. మఱియు, ప్రియురాలు ప్రియుని వెదకు పరమగీతము మన పరిశుద్ధ గ్రంథములోనే యున్నది. దాని నెవ్వరును తీసివేయలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగువారు రచించి, మనము ఆరాధనలో పాడు కీర్తనల పైన రాగతాళముల పేరులుండుట మీరు చూచుచునే యున్నారు. ఆ రాగములు ఈ దేశపు సొత్తు. పొరుగువాని పాటను మర్యాదతో వినుటవలన మన విశ్వాసమునకు లోపము రాదు. పొరుగువానిపై ప్రేమ హెచ్చును.

కావున విద్యార్థులారా, మేము కోరునది స్వల్పము. ఈ సెలవులలో సారంగపాణి పదమొక్కటి మూడుమార్లు వినుడు. సెల్‌ఫోనున పాటలు వెదకుట మీకు మేము నేర్పనక్కఱలేదు. మొదటిమారు ఊరక వినుడు. రెండవమారు సాహిత్యము చేతబట్టుకొని వినుడు. మూడవమారు మీ అవ్వను గాని, తాతను గాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తెలియని మాటల యర్థమడుగుచు వినుడు. తిరుపతిలో 1959లో స్థాపింపబడిన సంగీత నృత్య కళాశాల మనకు ఎంతో దూరమున లేదు. అచ్చట చదువు స్నేహితులున్నచో వారిచే పాడించుకొనుడు. ఎదుట కూర్చుండి వినుటకు సాటి వేఱొకటి లేదు.

దీనికి పరీక్షలో మార్కులు రావు. మూడుమార్లు వినిన పిదపను మీకు నచ్చనిచో, మా యొద్దకు వచ్చి నిర్భయముగా చెప్పుడు, మేము కోపగింపము. వినకమునుపు మాత్రము నచ్చలేదని చెప్పకుడు. వచ్చు వార్షికోత్సవమునాటికి మీలో ఒక్కరైనను వేదికపై నిలిచి, మా యూరి పదమిది యని పాడి వినిపించినచో, నాడు శిక్షణ కళాశాలలో మేము తలవంచుకొనిన ఋణము తీఱినట్లు భావింతుము.