ఐదో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం ఎందుకు రావడం లేదు? 'అందుకునే' చదువుకు అడ్డుపడుతున్నదేంటి?

'వేగవంతమైన అభ్యసనం' అనే మాట వినగానే చాలామంది తల్లిదండ్రులు, ఇదేదో చురుకైన పిల్లలకు ముందుగానే ఐఐటీ పాఠాలు చెప్పే పథకం అనుకుంటారు. విద్యారంగంలో దాని అర్థం దాదాపు రివర్స్. బడిలో ఆలస్యంగా చేరినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు, పై తరగతికి వెళ్లినా చదవడం రానివాళ్లు తాము పోగొట్టుకున్న చదువును కొద్ది నెలల్లో అందుకునేలా చేసే బోధన అది. మనకు బాగా తెలిసిన పేరు బ్రిడ్జి కోర్సు. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పని మాన్పించి తెచ్చిన బాల కార్మికులకు క్యాంపుల్లో చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది ఈ పద్ధతిలోనే. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

ఇప్పుడు సమస్య కొంత మారింది. పిల్లలు బడి బయట కాదు, బడిలోనే ఉండి వెనుకబడుతున్నారు. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. 2022లో అది 16.3 శాతం. పెరిగిన మాట నిజమే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు.

గోలేటి లాంటి చోట

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. టౌన్‌షిప్ క్వార్టర్లలో పర్మినెంటు కార్మికుల కుటుంబాలు, ఓపెన్‌కాస్టు పనుల కోసం వచ్చిపోయే కాంట్రాక్టు కార్మికులు, చుట్టుపక్కల ఆదివాసీ గూడేలు. ఇలాంటి ప్రాంతంలో సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లే పిల్లాడు, నాన్న పని మారడంతో ఏడాది మధ్యలో బడి మారిన అమ్మాయి, ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల ఒకే తరగతిలో కూర్చోవచ్చు.

ఈ ముగ్గురిలో చివరి ఇద్దరినీ 'వెనుకబడినవాళ్లు' అని ఒకే గాటన కట్టేయడం మన బడుల్లో మామూలే. కానీ ఒకరికి పాఠాలు పోయాయి, ఇంకొకరికి పాఠం చెప్పే భాషే కొత్త. రెండింటికీ మందు ఒకటి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ తేడా గుర్తించి 2004లోనే గోండి, కోలామి, కోయ సహా ఎనిమిది భాషల్లో మాతృభాష ఆధారిత బోధన మొదలుపెట్టింది.

దీనికితోడు టీచర్ల సంఖ్య. విద్యా హక్కు చట్టం లెక్కలో 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒక్కరి మీదే.

పని చేసే పద్ధతి ఉంది

పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టడం. అక్షరాలు రానివాళ్లు ఒక గుంపు, పదాలు వచ్చినవాళ్లు ఒక గుంపు, కథ చదవగలిగేవాళ్లు మరో గుంపు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కలిసిపోతారు. స్థాయి పెరగగానే గుంపు మారతారు. ప్రథమ్ సంస్థ ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం దీన్ని పలు రాష్ట్రాల్లో పరీక్షించి చూసింది.

అందులో బిహార్ అనుభవం మన అధికారులు ప్రత్యేకంగా చదవాల్సింది. 2008 వేసవిలో ప్రభుత్వ టీచర్లే నెల రోజులు క్యాంపులు నడిపితే పిల్లల చదువు మెరుగుపడింది. బడులు తెరిచాక టీచర్లకు ఈ పద్ధతిలో శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేస్తే ఫలితం కనిపించలేదు. ప్రభుత్వ టీచర్లకు చేతకాక కాదు. బడి తెరిచాక సిలబస్ వెంటపడుతుంది. హరియాణాలో రోజూ ఒక గంటను దీనికే కేటాయించి, పర్యవేక్షణ పెట్టాకే టీచర్ల చేత అది సాధ్యమైంది.

అంటే అసలు కొరత పుస్తకాలది కాదు, శిక్షణది కూడా కాదు. టైంటేబుల్‌లో ఒక గంటది.

తెలంగాణలో ఏముంది?

పథకాలకు మన దగ్గర కొదవ లేదు. 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదు తరగతులకు 'తొలిమెట్టు', 2023-24లో ఆరు నుంచి తొమ్మిది తరగతులకు 'ఉన్నతి' వచ్చాయి. బేస్‌లైన్ పరీక్షలు, నెలవారీ సమీక్షలు ఉన్నాయి. 2025లో కొన్ని ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధతో చదువు చెప్పే ప్రయోగం కూడా మొదలైంది. కంప్యూటర్ పిల్లాడి స్థాయికి తగిన ప్రశ్న ఇవ్వగలదు. గోండి మాట్లాడే పిల్ల ఎక్కడ తడబడుతోందో పక్కన కూర్చుని కనిపెట్టాల్సింది మాత్రం టీచరే.

చిక్కేమిటంటే, ఇవన్నీ ఉన్న పని మీద అదనంగా వచ్చి పడతాయి. సిలబస్ పూర్తి చేయాలి, ఆన్‌లైన్‌లో మార్కులు ఎక్కించాలి, కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లాలి. ఇద్దరు టీచర్ల బడిలో ఇన్ని పనుల మధ్య ముందు కోత పడేది ఆ ప్రత్యేక గంటకే. ఫలానా పాఠం ఈ నెల చెప్పకపోయినా ఫర్వాలేదని పైనుంచి రాతపూర్వకంగా వస్తే తప్ప ఏ టీచరూ ధైర్యం చేయరు.

తల్లిదండ్రులు ఏం అడగొచ్చు?

ప్రతి బిడ్డ స్థాయినీ అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన చేయడం విద్యా హక్కు చట్టంలోని సెక్షన్ 24 ప్రకారం టీచర్ విధి. అది దయతో చేసే ట్యూషన్ కాదు. కాబట్టి 'మా పాప బాగా చదువుతోందా సార్?' అని ఊరికే అడగడం కంటే, బేస్‌లైన్‌లో ఏ స్థాయిలో ఉంది, ఇప్పుడు ఏ స్థాయిలో ఉంది, దీనికి రోజులో ఏ పీరియడ్ పెట్టారు అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో లేవనెత్తండి. ఈ కమిటీలు 2024లో ఏర్పడ్డాయి. హెడ్మాస్టరే కన్వీనర్. ఆ గంటకు రెండో టీచర్ లేరన్నది జవాబైతే, ఆ మాటనే తీర్మానంగా రాయించి ఎంఈవోకు పంపొచ్చు.