“సశేషం” వెనుక ఉన్న రహస్యం

సీరియల్‌లో కథానాయిక చేతికి ఒక ఉత్తరం అందుతుంది. విప్పి చదివి నిర్ఘాంతపోతుంది. అందులో ఏముందో మనకు తెలిసేలోపు ఆనాటి భాగం అయిపోతుంది! మర్నాడు అదే వేళకు ఇంటిల్లిపాదీ మళ్ళీ టీవీ ముందు చేరతారు. చదువుకుంటున్న మిమ్మల్ని కూడా అక్కడికి లాక్కుపోయే ఆ శక్తి ఏమిటి?

ఈ యుక్తి కొత్తదేమీ కాదు. వారపత్రికల్లో ధారావాహికలు సరిగ్గా చిక్కుముడి దగ్గరే ఆగేవి. కింద “సశేషం” అని ఉండేది.

దీన్ని శాస్త్రజ్ఞులు కూడా పరిశీలించారు. బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు కొందరికి లెక్కలు, పజిళ్ళు, మట్టిబొమ్మల తయారీ వంటి పనులు ఇచ్చింది. కొన్నింటిని పూర్తి చేయనిచ్చింది, కొన్నింటిని మధ్యలో ఆపించింది. తర్వాత అడిగితే, వారికి ఆగిపోయిన పనులే ఎక్కువ గుర్తున్నాయి. ఈ ఫలితాలు 1927లో వెలువడ్డాయి. ఆగిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, వీలు దొరకగానే మనుషులు మళ్ళీ అందుకుంటారని 1928లో మరియా ఓవ్‌స్యాంకినా చూపింది. తర్వాతివారి ప్రయోగాల్లో జ్ఞాపకం సంగతి అన్నిసార్లూ రుజువు కాలేదు. మళ్ళీ అందుకోవాలనే కోరిక మాత్రం గట్టిగా నిలబడింది.

రెండో కారణం చుట్టరికం! రోజూ చూసే పాత్రలు మనకు ఎరిగినవాళ్ళలా అనిపిస్తాయి. ఈ ఏకపక్ష స్నేహాన్ని గురించి హోర్టన్, వోల్ అనేవారు 1956లోనే రాశారు. 1984–85లో దూరదర్శన్‌లో “హమ్‌లోగ్” వచ్చినప్పుడు, ప్రేక్షకులు లక్షల సంఖ్యలో ఉత్తరాలు రాశారు.

అలాగని సీరియళ్ళన్నీ చెడ్డవని నేననను. రోజంతా పనిచేసి అలసిన అమ్మకు, ఒంటరిగా ఉండే అమ్మమ్మకు అవి మంచి కాలక్షేపం. తర్వాత ఏమిటన్న కుతూహలం తప్పు కానేకాదు. శాస్త్రజ్ఞుణ్ణి రాత్రింబవళ్ళు పనిచేయించేదీ అదే. అయితే ఒక తేడా ఉంది. ప్రకృతి వేసిన ముడిని మీరు స్వయంగా విప్పవచ్చు. సీరియల్ ముడిని మీరు విప్పలేరు, వాళ్ళు విప్పేదాకా కూర్చోవలసిందే. ఒకటి విప్పుతూనే ఇంకొకటి వేస్తారు. ఎక్కువమంది చూస్తేనే కదా ప్రకటనలు వచ్చేది! ఒక్క సీరియల్‌ను రోజుకు అరగంట చొప్పున వారానికి ఆరు రోజులు చూస్తే, ఏడాదికి 156 గంటలు అవుతుంది. ఆ గంటలు ఎవరి ఇష్టప్రకారం గడవాలి? మీ ఇష్టప్రకారమే అని నా అభిప్రాయం.

అందుకు ఒక ప్రయోగం చేసి చూడండి. నిన్నటి ముడి ఈరోజు ఏ నిమిషంలో విడిపోయిందో గమనించి, కొత్త ముడి పడకముందే లేచి వెళ్ళండి. వారం రోజులపాటు, మళ్ళీ చూడాలన్న కోరిక ఎంత ఉందో నోటుపుస్తకంలో రాసుకోండి. అలాగే, ఈ రాత్రి ఒక లెక్కను సగంలో ఆపి పడుకోండి. తెల్లవారగానే మీ చెయ్యి దేనికోసం వెతుకుతుందో మీకే తెలుస్తుంది!