కార్ల మెకానిక్ అవుతానంటే కోప్పడకండి

పదో తరగతి రిజల్ట్సు వచ్చాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. ఏ గ్రూపు, ఏ కాలేజీ, ఫీజు ఎంత? మధ్యలో పిల్లోడు "నేను బెంజి కార్లు రిపేరు చేసే పని నేర్చుకుంటా" అన్నాడనుకోండి, ఇల్లంతా గప్‌చిప్. "ఇంత చదివించింది షెడ్డులో నట్లు తిప్పడానికా?" అని వాళ్ల నాయన గదమాయిస్తాడు. మనమేం తక్కువ తిన్నామా? "ఆ గ్రీజు మరకలు ఎవరుతుకుతారు?" అంటాం.

మా తంబళ్లపల్లె పక్క వాన నమ్ముకుని చెనక్కాయ, రేటు నమ్ముకుని టమోటా పెట్టే సంసారాలే ఎక్కువ. మదనపల్లె, చింతామణి మీదుగా బస్సెక్కితే బెంగుళూరు. అక్కడ అద్దాల షోరూములో మెరిసే కారు చూసొచ్చిన బిడ్డకు ఆశ పుట్టడం తప్పు కాదు. ఆ ఆశను తిట్టి చంపకూడదు. అలాగని ముందూ వెనకా చూడకుండా నగలు తాకట్టు పెట్టనూ కూడదు. సంగతేమిటో తెలుసుకుని మాట్లాడదాం.

ఇది ఒట్టి నట్లు తిప్పే పనేనా?

కానేకాదు. ఈ ఖరీదైన కార్లలో ఇంజనుకీ, బ్రేకులకీ, తలుపులకీ వేరువేరుగా చిన్న కంప్యూటర్లుంటాయి. స్కానర్ తగిలిస్తే తప్పు ఎక్కడుందో ఒక కోడ్ చూపిస్తుంది. అంతమాత్రాన ఆ సామాను మార్చెయ్యకూడదు. వైరు తెగిందా, తడి చేరిందా అని వెదకాలి. జ్వరం ఎంతుందో థర్మామీటరు చెబుతుంది గానీ ఎందుకొచ్చిందో చెప్పదు కదా!

బిగింపుకీ లెక్కుంది. ఏ బోల్టు ఎంత బలంతో బిగించాలో కంపెనీ పుస్తకంలో అంకె ఉంటుంది. టార్క్ రెంచితో ఆ అంకెకే ఆపాలి. మించితే అల్యూమినియం మరలు చెడిపోతాయి. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు తప్పదు.

ఇక కరెంటు కార్లు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ఆ కార్ల బ్యాటరీలు చాలావరకు 400 వోల్టులు, కొన్నిటివి 800. అందుకే వాటి పెద్ద వైర్లకు నారింజ రంగు వేస్తారు. తగిన ట్రైనింగు లేనివాళ్లు వాటిని ముట్టుకోకూడదు.

దారి ఏమిటి?

పది పాసయ్యాక ఐ.టి.ఐ.లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు. లేదంటే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా. ఆటోమొబైలే కానక్కరలేదు, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ కూడా పనికొస్తాయి. తర్వాత మారుతి, హ్యుందాయ్ లాంటి మామూలు కార్ల వర్క్‌షాపులో చెయ్యి తిరగాలి. మొదట్లో వచ్చేది చేతిఖర్చుకే సరిపోతుందని ముందే అనుకోండి.

బెంజి కంపెనీ 2006లో పుణె ప్రభుత్వ పాలిటెక్నిక్‌తో కలిసి ఆటోమోటివ్ మెకట్రానిక్స్ అని ఏడాది కోర్సు మొదలుపెట్టింది. డిప్లొమా గానీ ఇంజనీరింగు గానీ చదివినవాళ్లకే అది. 2018లో బి.ఎం.డబ్ల్యు. వాళ్లు విద్యార్థులు విప్పి బిగించి నేర్చుకోవడానికి ఇంజనీరింగు కాలేజీలకూ, ఐ.టి.ఐ.లకూ 365 ఇంజన్లు, గేర్‌బాక్సులు ఉచితంగా ఇచ్చే పథకం పెట్టారు.

డబ్బు కట్టే ముందు

1. ఐ.టి.ఐ. అయితే చివర్లో నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుందా అని అడగండి. రంగుల కాగితం మీద వాళ్లే అచ్చువేసిచ్చేది చాలదు.

2. వర్క్‌షాపు చూపించమనండి. పిల్లలు చేత్తో విప్పే ఇంజను ఉందా, గోడ మీద బొమ్మే ఉందా?

3. "ఆర్నెల్లలో ఫారిన్ కార్ల ఉద్యోగం గ్యారంటీ" అంటే, నిరుడు చదివిన పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కుని వాళ్లతోనే మాట్లాడండి.

ఆడపిల్ల అడిగితే?

కారును పైకెత్తేది లిఫ్టు, మన భుజాలు కాదు. హాస్టలు, డ్యూటీ వేళలు విచారించి పంపొచ్చు. అసలు ఈ పనికి శ్రీకారం చుట్టినవాళ్లలో ఒక ఇల్లాలుంది! 1888 ఆగస్టులో జర్మనీలో కార్ల్ బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన కారులో పుట్టింటికి బయల్దేరింది. సుమారు 106 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు వేయించింది. నాలుగు చక్రాల బెంజి కారు ఇంకా పుట్టనే లేదు అప్పటికి!

చివరిగా ఒక్క మాట. మీ బిడ్డకు నిజంగా ఇష్టమా, ఒట్టి మోజా అని అనుమానంగా ఉంటే, అటక మీద పడేసిన పాత మిక్సీని, వైరు ప్లగ్గులో లేకుండా చూసి, చేతికివ్వండి. విప్పి మళ్లీ బిగించమనండి. ఒక్క స్క్రూ కూడా మిగలకుండా బిగించి, సామాను ఎక్కడిది అక్కడ సర్దితే, వాళ్ల నాయనను కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ బిడ్డ తరఫున ధైర్యంగా మాట్లాడండి.