మూడో రోజే తలుపు తట్టాలి

పశ్చిమ కర్నూలు పల్లెల్లో ‘సుగ్గి’ అనే మాట తెలియని టీచరు ఉండరు. వానాకాలం పంట ఇంటికి చేరాక ఊళ్లో పని దొరకదు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు వలస పోతాయి. అదే సుగ్గి. ఆ ప్రాంతంలోని ఒక బడిలో ఏడో తరగతి హాజరు పట్టీ చూశాను. ఒక పాప పేరుకు ఎదురుగా నవంబరు దాకా గైర్హాజరు దాదాపు లేదు. డిసెంబరు రెండో వారం నుంచి ఎర్ర సిరాతో వరసగా ‘ఏ’లు. పేజీ తిప్పితే జనవరిలోనూ అవే, ఫిబ్రవరిలోనూ అవే. అడిగితే టీచరు చెప్పారు: “సుగ్గికి పోయినారు సార్. చిన్నపిల్లోని చూసుకునేకి ఈ పాపను ఎంటబెట్టుకోని పోయినారు.”

హాజరు గురించి మన నిబంధనలన్నీ ఆ ఎర్ర అక్షరాలను లెక్కపెడతాయి. అవి ఎందుకు పడ్డాయో అడగవు. అసలు లోపం అక్కడుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. హాజరు నిబంధన అడిగే 75 శాతం అంటే అందులో 165 రోజులు. మిగిలిన 55 రోజులు బడి ఎగ్గొట్టినా నిబంధన దృష్టిలో ఆ పిల్లవాడు సక్రమంగానే వస్తున్నట్టు. సంత రోజల్లా కొట్టు దగ్గర కూర్చునే పిల్లవాడు ఏడాదికి నలభై రోజులు పోగొట్టుకున్నా ఎవరూ పట్టించుకోరు. మూడు నెలలు సుగ్గికి పోయిన పాప మాత్రం గీత దాటిపోతుంది. అమెరికాలో పది శాతం రోజులు రాకపోతేనే ఆ విద్యార్థిని దీర్ఘకాలిక గైర్హాజరు జాబితాలో చేర్చి చూస్తారు. మన 220 రోజుల్లో అది 22 రోజులు. అక్కడ ఆరా మొదలయ్యే చోట మనం ఇంకా నిద్రలోనే ఉంటాం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ 75 శాతం అంకె ఇంటింటికీ తెలిసింది 2020 జనవరిలో అమ్మఒడి మొదలయ్యాక. పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏటా 15 వేల రూపాయల సాయం, దానికి హాజరు షరతు. 2025లో తల్లికి వందనం పేరుతో సాయం ఇంట్లో చదువుకునే ప్రతి బిడ్డకూ అందడం మొదలైంది. పేద తల్లి చేతిలో చదువు కోసం డబ్బు పెట్టడం మంచి పనే. అయితే ఆ డబ్బును హాజరుతో ముడిపెడితే మొదట నష్టపోయేది సుగ్గికి పోయే తల్లే. ఊళ్లో కూలి దొరికే ఇంటికి సాయం అందుతుంది, కూలి దొరక్క ఊరు విడిచిన ఇంటికి అందదు. ఇంకో చిక్కూ ఉంది. తన కలం గీతతో ఒక తల్లికి సాయం పోతుందని తెలిసిన టీచరు ‘ఏ’ రాయడానికి వెనకాడతారు. అది జాలి వల్ల కావచ్చు, ఊరి ఒత్తిడి వల్ల కావచ్చు. పట్టీ అబద్ధం చెప్పడం మొదలుపెట్టాక ఏ బిడ్డ ఆపదలో ఉందో ఎవరికీ కనిపించదు.

ఉచిత, నిర్బంధ విద్య అన్నప్పుడు ఆ నిర్బంధం తల్లిదండ్రుల మీదనే అనుకుంటాం. చట్టం 8వ సెక్షన్ చెప్పేది వేరు. ప్రతి బిడ్డ బడిలో చేరేలా, రోజూ వచ్చేలా, ఎనిమిదో తరగతి దాకా పూర్తి చేసేలా చూడడం ప్రభుత్వ బాధ్యత. బిడ్డను చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని 10వ సెక్షన్ చెప్పింది గానీ శిక్ష ఏదీ పెట్టలేదు. హాజరు గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడే పని 24వ సెక్షన్ టీచర్లకు అప్పగించింది. అంటే ఈ చట్టంలో తల్లిదండ్రులకు జరిమానా లేదు, వాళ్లతో మాట్లాడమన్న ఆదేశం ఉంది.

ఆలస్యం సంగతి మరీ అన్యాయం. ప్రార్థన అయిపోగానే గేటుకు తాళం పడుతుంది. బయట ఓ అమ్మాయి బ్యాగు గుండెలకు అదుముకుని నిలబడి ఉంటుంది. కుళాయి ఆలస్యంగా వచ్చింది, బిందెలు నింపి పరుగెత్తుకొచ్చింది, తల కూడా సరిగ్గా దువ్వుకోలేదు. ఎండలో నిలబెట్టడం, అందరి ముందు నిలదీయడం 17వ సెక్షన్ నిషేధించిన శిక్షలే. అవి పిల్లకు నేర్పే పాఠం ఒక్కటే: ఆలస్యమైతే అసలు బడికి పోకపోవడమే మేలు. పది నిమిషాల ఆలస్యం అలా పూర్తి రోజు గైర్హాజరవుతుంది. ఆలస్యంగా వచ్చిన బిడ్డను ముందు లోపలికి రానివ్వాలి. కారణం తర్వాత, విడిగా అడగాలి. బస్సు వేళ కుదరకపోతే డిపోతో మాట్లాడాల్సింది ప్రధానోపాధ్యాయులు, విద్యా కమిటీ.

తల్లిదండ్రుల తప్పు లేదనడం లేదు. పెళ్లికి రెండు రోజులు చాలిన చోట వారం ఉంచేస్తారు, సంక్రాంతి సెలవులకు ముందో నాలుగు, వెనకో నాలుగు రోజులు కలుపుతారు. ఇంగ్లండులో బడి రోజుల్లో అనుమతి లేకుండా పిల్లల్ని ఊళ్లకు తీసుకెళితే జరిమానా ఉంది. 2024 ఆగస్టు నుంచి అది 80 పౌండ్లు, మూడు వారాల్లో కట్టకపోతే 160. ఆ జరిమానాల్లో అత్యధికం సెలవు ప్రయాణాలకే పడుతున్నాయి. డబ్బుండి వెళ్లేవారిని అది కొంత ఆపవచ్చు. కడుపు కోసం వెళ్లేవారిని ఏ జరిమానా ఆపలేదు.

అలాంటి ఇళ్ల పిల్లలను పని నుంచి బడికి తెచ్చిన అనుభవం మన దగ్గరే ఉంది. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. బడికి రాని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్న సూత్రం పెట్టుకున్నారు. తల్లిదండ్రులతోనూ, పనిలో పెట్టుకున్న యజమానులతోనూ మాట్లాడారు. వెనకబడ్డ పిల్లలకు శిబిరాల్లో చదువు చెప్పి వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. ఆ కృషికే సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. వరసగా మూడు రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. యాప్ పంపే సందేశం దానికి సాటిరాదు. వలస వెళ్లే ఇళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు వలస మొదలయ్యాక కాకుండా ముందే తెరవాలి. అయినా వెంట వెళ్లిన పిల్లలను చేను దగ్గరి బడి టీసీ అడగకుండా చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధమని 5వ సెక్షన్‌లోనే ఉంది. తల్లికిచ్చే సాయాన్ని హాజరు శాతంతో కోయడం మానాలి.

సుగ్గి ఎప్పుడు మొదలవుతుందో, ఏ ఇళ్లు కదులుతాయో ఊళ్లో అందరికీ తెలుసు. అధికారులారా, టీచర్లారా, ఈ ఏడాది వలస బండ్లు కదలకముందే ఆ తలుపులు తట్టండి.