పట్టిక అడుగున ఉన్నంత మాత్రాన

సంపాదకులకు,

'ఒక్క గెలుపుకే పరిమితమైన జట్టు గురించి అంత చర్చ దేనికి' అంటూ తెలుగు టైటాన్స్‌పై గత వారం ఒక పాఠకుడు రాసిన లేఖతో నేను ఏకీభవించను. ప్రొ కబడ్డీ ఎనిమిదో సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి ఒకటే గెలిచిన మాట నిజం. అయితే నాలుగు టై అయ్యాయి. 2021 డిసెంబర్ 22న బెంగళూరులో తమిళ్ తలైవాస్‌తో ఆడిన తొలి మ్యాచ్ 40-40. పొరుగు రాష్ట్రాల పోరు అది. చివరి కూత దాకా ఎటు మొగ్గుతుందో తెలియలేదు. జనవరి 1న బెంగళూరు బుల్స్‌తో 34-34. గెలిచిన ఆ ఒక్కటీ జైపూర్‌పై 35-34తోనే. పైగా ప్రధాన రైడర్ సిద్ధార్థ్ దేశాయ్ గాయంతో మధ్యలోనే దూరమయ్యాడు. ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడిన జట్టుకూ ఒక పాయింటు ఇవ్వాలని అప్పట్లో లీగ్ నిబంధన పెట్టింది ఇలాంటి పోరాటాన్ని గుర్తించడానికే కదా!

మా కేసముద్రంలో కబడ్డీ తెలియని ఇల్లు లేదు. దయచేసి మీ క్రీడల పేజీలో స్కోరుతో సరిపెట్టకుండా, చివరి ఐదు నిమిషాల ఆట ఎలా సాగిందో కూడా రాయండి.

— ఒక పాఠకుడు, కేసముద్రం