చేయి పట్టి నేర్పే చదువు

చొక్కాకు బొత్తాం పెట్టుకోవడం కూడా చదువే. కొందరు పిల్లలకు అఆలు దిద్దడం కన్నా అదే పెద్ద పాఠం. చేయి పట్టుకుని వందసార్లు చేయిస్తే నూటొకటోసారి వాళ్లంతట వాళ్లే పెట్టుకుంటారు. మధ్యలో నాలుగు నెలలు వదిలేస్తే? మళ్లీ మొదటికే!

2020 మార్చిలో కరోనా వల్ల బళ్లు మూతపడ్డప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఎదురైన కష్టం ఇదే. తెనాలి-రేపల్లె రైలు మార్గంలోని వేమూరు లాంటి ఊళ్లకు ఆ ఏడాది చదువు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ఫోను, రెండోది దూరదర్శన్ సప్తగిరి. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే అయితే అది నాన్న జేబులో పొలానికి పోతుంది. ఇక టీవీ సంగతి. బోర్డు మీద రాసి ‘దీన్ని దీంతో కూడితే...’ అంటే, చూపులేని బిడ్డకు ఏది దేంతోనో ఎలా తెలుస్తుంది? పెదవుల కదలికను బట్టి మాట పోల్చుకునే పిల్లాడికి చిన్న తెరమీద ఆ కదలిక ఆనుతుందా? పోనీ బడి తెరిచారనుకుంటే, అదే పెదవులకు మాస్కు అడ్డొచ్చింది. అర్థం కావడానికి కాస్త ఎక్కువ సమయం పట్టే బిడ్డ కోసం టీవీ ఆగదు, మళ్లీ చెప్పదు.

మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఫిజియోథెరపీ, మాట నేర్పడం, సొంత పనులు అలవాటు చేయడం అక్కడి చదువు. వ్యాయామం ఆగితే కండరాలు బిగుసుకుంటాయి. దాన్ని ఏ యాప్ సరిచేస్తుంది?

పొరుగున ఉన్న ఒడిశాకు చెందిన ‘స్వాభిమాన్’ సంస్థ 2020 మేలో సర్వే చేస్తే, ఇలాంటి పిల్లల్లో దాదాపు 43 శాతం మంది ఆన్‌లైన్ చదువు కష్టమై మానేసే ఆలోచనలో ఉన్నట్టు తేలింది.

మన దగ్గర బళ్లు ఆ నవంబరు నుంచి దశలవారీగా తెరుచుకున్నాయి. 2021 ఏప్రిల్‌లో మళ్లీ మూతపడి ఆగస్టు 16న తెరుచుకున్నాయి. పరీక్షల్లేకుండానే పిల్లల్ని పై తరగతికి పంపారు. తరగతి పెరిగింది కానీ, నేర్చుకున్నది నిలిచిందో లేదో ఎవరు చూశారు?

ఇది కరోనాతో పోయిన సంగతి కాదు. వేసవి సెలవులు ఏటా వస్తాయి. సెలవులిచ్చే ముందే బిడ్డ ఏమేం చేయగలుగుతున్నాడో ఓ కాగితం మీద టీచరు రాసివ్వాలి. వాటిని రోజూ ఎలా చేయించాలో అమ్మకు చేసి చూపించాలి. బడి తెరవగానే అదే కాగితం పట్టుకుని సరిచూడాలి. తప్పిపోయిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టాలి, తరగతి పుస్తకం నుంచి కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకే. 2020లో పన్నెండేళ్లున్న బిడ్డకు 2026లో పద్దెనిమిది నిండుతాయి. ఆ ఆరేళ్లలో పోయిన నెలల్ని లెక్కగట్టి ఆ బిడ్డకు తిరిగిచ్చేదెవరు?