క్లిక్ ఫ్రీనే.. కెమెరా ఈఎంఐ మాత్రం మీదే!

పాతబస్తీలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు.. ఫంక్షన్ హాళ్లలో అర్ధరాత్రి దాటినా ఫ్లాష్‌లు మెరుస్తూనే ఉంటాయి. అది చూసి ‘డిగ్రీ అయ్యాక మనమూ ఓ కెమెరా కొని దిగిపోదాం’ అనుకుంటున్నారా? మంచిదే. కానీ అప్పు చేసే ముందు ఓ లెక్క చూసుకోండి.

అప్పట్లో ఖర్చు ఎవరిది?

ఫిల్మ్ రోజుల్లో రోల్‌కు 36 ఫొటోలు. పెళ్లికి 20 రోల్స్ పట్టుకెళ్లినా 720 క్లిక్స్, అంతే. రోల్, కడిగించడం, ప్రింట్లు.. ప్రతి క్లిక్‌కూ డబ్బే. అయితే ఆ ఖర్చు పెళ్లివారి బిల్లులో కలిసేది. పని లేని నెలలో రోల్ కొనే అవసరం ఉండేది కాదు.

డిజిటల్ ఎందుకు గెలిచింది?

తీసిన ఫొటో వెంటనే కనిపిస్తుంది. పెళ్లికొడుకు కళ్లు మూసుకుంటే మళ్లీ తీయొచ్చు. 400 ఐఎస్ఓ రోల్ వేస్తే అది అయ్యేదాకా దాంతోనే సర్దుకోవాలి. ఇప్పుడు 6400కి పెంచితే చార్మినార్ దగ్గర రంజాన్ రాత్రి బజారును కూడా ఫ్లాష్ లేకుండా తీసేయొచ్చు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసనే తొలి డిజిటల్ కెమెరా తయారుచేశారు. అయినా ఫిల్మ్ వ్యాపారాన్నే నమ్ముకున్న ఆ సంస్థ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేయాల్సి వచ్చింది.

ఇప్పటి లెక్క

ఉదాహరణకు కెమెరా, లెన్సులకు రెండున్నర లక్షలు, ఎడిటింగ్ ల్యాప్‌టాప్‌కు లక్ష, ఫ్లాష్‌లు, కార్డులు, హార్డ్ డిస్కులకు అర లక్ష అనుకుందాం. మొత్తం 4 లక్షలు. నాలుగేళ్లు వాడితే ఏడాదికి లక్ష. ఏడాదికి 25 పెళ్లిళ్లు దొరికితే ఒక్కోదానిపై 4 వేలు పడుతుంది. పదే దొరికితే 10 వేలు! వడ్డీ అదనం. పని ఉన్నా లేకపోయినా ఈఎంఐ ఆగదు.

టైమ్ కూడా ఖర్చే. 2 వేల ఫొటోలు తీసి ఒక్కోదానికి అర నిమిషం ఇచ్చినా దాదాపు 17 గంటలు కంప్యూటర్ ముందే. రేటు చెప్పేటప్పుడు చాలామంది కొత్తవాళ్లు దీన్ని మర్చిపోతారు.

ఫొటో పోతే పేరూ పోతుంది

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మీ మెమరీ కార్డు పాడైతే? నిఖా మళ్లీ జరగదు కదా. అందుకే రెండు కార్డుల కెమెరా, రెండు చోట్ల కాపీ తప్పనిసరి.

మీరేం చేయాలి?

* ముందు సీనియర్ దగ్గర అసిస్టెంట్‌గా ఓ సీజన్ పనిచేయండి. లైటింగ్‌తోపాటు కస్టమర్‌తో మాట్లాడటం కూడా వస్తుంది.
* కెమెరా అద్దెకు తీసుకోండి. ఆరు నెలల అద్దె ఆ కాలానికి కట్టాల్సిన ఈఎంఐని దాటితేనే కొనడం గురించి ఆలోచించండి.
* సెకండ్ హ్యాండ్ అయితే షటర్ కౌంట్ అడగండి. చాలా కెమెరాల షటర్ లక్ష, రెండు లక్షల క్లిక్స్‌కే లెక్కగట్టి ఉంటుంది.
* మీ ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ గురించి చెప్పండి. అక్కడ బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ కోర్సు ఉంది.

ఫిల్మ్ మళ్లీ ఫ్యాషన్ అవుతోంది. 2024లో పెంటాక్స్ కొత్త ఫిల్మ్ కెమెరానే తెచ్చింది. సరదా ఉంటే ప్రయత్నించండి. కానీ రోల్, డెవలపింగ్, స్కానింగ్ కలిపి వెయ్యి దాటుతుంది. ఆ క్రమశిక్షణ ఉచితంగానూ వస్తుంది. ఈ ఆదివారం ఫ్రెండ్ కెమెరా అడిగి చార్మినార్ నుంచి లాడ్ బజార్ దాకా నడవండి. 36 ఫొటోలే తీయండి, మధ్యలో స్క్రీన్ చూడొద్దు. ఇంటికొచ్చి చూస్తే అందులో ఎన్నింటికి కస్టమర్ డబ్బులిస్తాడో మీకే తెలిసిపోతుంది. ఈఎంఐ ఫారంపై సంతకం ఆ తర్వాతే!